వాడకు పోయేది డొంక కాదు, రోడ్డు

వర్గీకరణ అన్న మాట వినగానే మన వాడల్లో అందరికీ ఒకే సంగతి గుర్తుకొస్తుంది. మేం ఇప్పుడు మాట్లాడేది ఆ వర్గీకరణ గురించి కాదు, రోడ్ల వర్గీకరణ గురించి. రోడ్లకి కూడా తరగతులున్నాయి. పెద్దవున్నాయి, చిన్నవున్నాయి, లెక్కలోకే రానివున్నాయి. ఏ రోడ్డు ఏ తరగతో ఎవరో కూర్చుని తేలుస్తారు. ఇన్నాళ్లూ ఆ పని సర్కారు ఆఫీసుల్లోనే జరిగింది. ఇప్పుడు ఇంకో చోట కూడా జరుగుతోంది. ఆ చోట మనమూ కూర్చోవచ్చు. కూర్చోకపోతే మన దారికి మనల్ని చూడనివాడు పేరు పెడతాడు. మేం చెప్పదలుచుకున్నది ఇదే.

ఆ చోటు పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో మొదలైంది. ప్రపంచం మొత్తానికీ ఒకటే పటం. మనం ఫోన్లలో రోజూ చూసే గూగుల్ మ్యాపు వేరు, ఇది వేరు. గూగుల్‌ది కంపెనీ సొత్తు. ఇందులో మాత్రం ఎవరైనా ఖాతా తెరిచి గీత గీయొచ్చు, ఉన్న గీతని దిద్దొచ్చు, పేరు రాయొచ్చు. అందులోని సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు దేశదేశాల వలంటీర్లు ఉపగ్రహ ఫోటోలు చూసి అక్కడి వీధుల్ని ఈ పటంలో గీసిపెట్టారు. సాయం చేయడానికి పోయిన బృందాలు దాన్ని పట్టుకుని తిరిగాయి. 2018లో కేరళ వరదలప్పుడు కూడా వలంటీర్లు ఈ పటం మీద పనిచేశారు. అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కంపెనీలు 2022లో కలిసి పెట్టుకున్న ఓవర్చర్ అనే సంస్థ కూడా ఇందులోని సమాచారాన్ని తీసుకుంటోంది. అంటే ఈ పటంలో ఒక గీత తప్పుగా పడితే ఆ తప్పు అక్కడితో ఆగదు. పది చోట్లకి పాకుతుంది.

"కంప్యూటర్లో పటంతో మనకేం పని? ముందు రోడ్డు వెయ్యమనండి" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పే ముందు రోడ్డుకీ కులానికీ ఉన్న చుట్టరికం ఒకసారి గుర్తు చేసుకుందాం.

రోడ్డు ఎవరిదన్న తగువు పాతదే

1893లో తిరువాన్కూరు సంస్థానంలో అయ్యంకాళి ఎద్దుల బండి కట్టుకుని, పులయలు నడవకూడదన్న రోడ్డు మీద వెళ్లారు. అదే ఆయన తిరుగుబాటు. ఆయన కొత్త రోడ్డు అడగలేదు. ఉన్న రోడ్డు అందరిదీ అన్నారు. 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం నడిచింది. పెరియార్ అందులో జైలుకెళ్లారు. 1925లో రాజీ కుదిరింది. మూడు వైపుల రోడ్లు అందరికీ తెరిచారు. తూర్పు వైపు దారి మాత్రం సవర్ణులకే ఉంచారు. ఇది వర్గీకరణ కాకపోతే మరేమిటి? ఒకే గుడి, ఒకే మట్టి. మూడు దారులకి ఒక తరగతి, నాలుగో దానికి ఇంకో తరగతి.

అందుకే మన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లని కూడా పేరు పెట్టి రాసింది. సర్కారు డబ్బుతో నడిచే రోడ్డు మీదగానీ, జనం కోసం ఇచ్చిన రోడ్డు మీదగానీ కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదంది. ఆ మాట ఊరికే పడలేదు. రోడ్ల మీద దెబ్బలు తిన్నవాళ్లుంటేనే పడింది.

సర్కారు లెక్కలో వాడ ఎక్కడుంది?

మన దేశంలో రోడ్లకి తరగతులు కట్టిన పెద్ద ప్రయత్నం 1943 నాటి నాగపూర్ ప్రణాళిక. పైన జాతీయ రహదారులు, తర్వాత రాష్ట్ర రహదారులు, తర్వాత జిల్లా రోడ్లు, అట్టడుగున గ్రామ రోడ్లు. ఇప్పటికీ లెక్క అదే. పెద్ద రోడ్లు ఆర్ అండ్ బి చూస్తుంది, ఊరి రోడ్లు పంచాయతీరాజ్ చూస్తుంది. గ్రామ రోడ్డు దగ్గరికొచ్చేసరికి మెట్లు అయిపోతాయి. ఊరి నుంచి వాడకు పోయే దారికి ఆ మెట్లలో వేరే మెట్టు లేదు.

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. 2001 జనాభా లెక్కల ప్రకారం మైదాన ప్రాంతాల్లో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ప్రతి ఆవాసానికీ రోడ్డు వేస్తామన్నారు. ఊరుని కాకుండా ఆవాసాన్ని లెక్కకి తీసుకున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ రోడ్డు లేని ఆవాసం అంటే ఏది? అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకో, అలాంటి రోడ్డున్న ఆవాసానికో కనీసం 500 మీటర్ల దూరంలో ఉన్నదట. 500 మీటర్ల లోపలుంటే రోడ్డు అందినట్టే.

మన వాడలు ఎక్కడుంటాయో ఎవరికి తెలియదు? ఊరికి కూతవేటు దూరంలో ఉంటాయి. అంటరానితనం మనల్ని ఊరి బయటికి నెట్టింది. కానీ తెల్లారి కూలికి కేకేస్తే వినపడేంత దగ్గర్లోనే ఉంచింది. ఆ కూతవేటు దూరం సరిగ్గా ఈ 500 మీటర్ల లోపలే పడుతుంది. ఊరికి రోడ్డొస్తే వాడకీ వచ్చినట్టే అని లెక్క కుదిరిపోయింది. మధ్యలో ఉన్న రెండొందల, మూడొందల మీటర్ల బురద ఆ పథకం లెక్కలో లోటే కాదు. నిబంధన రాసినవాళ్లు కులం పేరు ఎత్తి ఉండరు. ఎత్తక్కర్లేదు కూడా. ఊరిని కులం గీసి పెట్టినప్పుడు, కులాన్ని చూడని కొలబద్ద కులం పక్కకే ఒరుగుతుంది.

నాలుగు తరగతులూ, అయిదోదీ

ఇప్పుడు పటం దగ్గరికొద్దాం. ఇంగ్లండులో పుట్టింది కాబట్టి అక్కడి రోడ్ల పేర్లే దీనికి వచ్చాయి. ఎక్స్‌ప్రెస్‌వేలని పక్కన పెడితే వరస ఇది: ట్రంక్, ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ. మన దేశంలో జాతీయ రహదారిని ట్రంక్ అనీ, రాష్ట్ర రహదారిని ప్రైమరీ అనీ, ప్రధాన జిల్లా రోడ్డుని సెకండరీ అనీ రాస్తూ వచ్చారు. ఈ నాలుగింటి కింద అయిదోది ఒకటుంది. దాని పేరు అన్‌క్లాసిఫైడ్. అంటే ఏ వర్గంలోనూ చేరనిది.

నాలుగు వర్ణాలు, వాటి బయట పంచములు అన్న కథ విని పెరిగిన మనకి ఈ వరస చూస్తే ఒళ్లు మండటం సహజం. కానీ ఆగండి. ఇక్కడ ఆ పేరు చూసి మోసపోవద్దు. ఇంగ్లండు రోడ్ల లెక్కలో అది అందరూ నడిచే చిన్న రోడ్డుకి పెట్టిన పేరు. పల్లెనీ పల్లెనీ కలిపే రోడ్డు అని ఈ పటం నియమాల్లో ఉంది. పేరు బాగోలేదు గానీ హోదా ఉంది. అసలు సంగతి దాని కింద ఉంది.

దాని కింద మూడు మాటలు గుర్తుపెట్టుకోవాలి. ఇళ్ల ముందు వీధిని రెసిడెన్షియల్ అంటారు. పొలాలకీ అడవికీ పోయే బండి దారిని ట్రాక్ అంటారు. మనుషులు నడిచే కాలిబాటని పాత్ అంటారు. ట్రాక్ అంటే మన డొంకే. గోదావరి జిల్లాల్లో పుంత అంటాం, తెలంగాణలో బండ్లబాట అంటాం.

ఇప్పుడు జరిగేది చూడండి. పటం గీసేవాళ్లలో మన ఊరి మొహం చూడనివాళ్లు చాలామంది. ఎక్కడో కూర్చుని ఉపగ్రహ ఫోటో చూస్తారు. ఊళ్లో సిమెంటు రోడ్డు తెల్లగా కనిపిస్తుంది. దాన్ని రెసిడెన్షియల్ అని గీస్తారు. ఊరి చివరి ఇంటి దగ్గర సిమెంటు ఆగిపోతుంది. అక్కణ్నించి మట్టి రంగు గీత మొదలవుతుంది. మట్టి కనపడగానే ట్రాక్ అని గీసేస్తారు. ఆ గీసినవాడికి మాలా తెలియదు, మాదిగా తెలియదు, మనమీద కోపమూ లేదు. అయినా వాడి చెయ్యి సరిగ్గా ఊరూ వాడా విడిపోయే చోటే ఆగింది. అక్కడ సిమెంటు ఎందుకు ఆగిందో వాడికి తెలియదు కాబట్టి ఆ అన్యాయాన్ని ఉన్నదున్నట్టు నకలు తీశాడు.

దీనివల్ల నష్టమేమిటంటారా? ఆ పటంలో ట్రాక్ గోధుమరంగు చుక్కల గీత. చూసినవాడికి అది పొలం దారి. ఆ దారి చివర మనుషులుంటారని అనుకోడు. ఈ సమాచారంతో నడిచే దారి చూపించే ప్రోగ్రాముల్లో కొన్ని కారుని ట్రాక్ మీదికి పంపనే పంపవు. పురిటి నొప్పులొస్తే పిలిచిన బండి డ్రైవరు అలాంటి ప్రోగ్రాం చూసుకుంటూ వస్తే ఊరి చివర ఆగి ఫోన్ చేస్తాడు. "ఇక్కడికి దారి లేదు" అంటాడు. వరదలప్పుడు ఎక్కడెక్కడ జనం చిక్కుకున్నారో లెక్క కట్టేవాడికి ఆ చుక్కల గీత ఏం చెబుతుంది? అక్కడ పొలాలున్నాయని చెబుతుంది.

మట్టిని మట్టి అని రాద్దాం, రోడ్డుని రోడ్డు అని రాద్దాం

దీనికి మందు కూడా ఆ పటం నియమాల్లోనే ఉంది. రోడ్డు ఏం పని చేస్తుందో దాన్ని బట్టి తరగతి. దాని ఒళ్లు ఎలా ఉందో వేరే గడిలో రాయాలి. తారా, సిమెంటా, కంకరా, మట్టా అన్నదానికి ఒక గడి. బండి నడవడానికి ఎంత నున్నగా ఉందన్నదానికి ఇంకో గడి. ఆఫ్రికా దేశాల్లో పటం గీసినవాళ్లు ఈ చర్చ మనకంటే ముందే చేశారు. అక్కడ పట్నాల్ని కలిపే రోడ్లు కూడా చాలాచోట్ల మట్టివే. మట్టి రోడ్డు కాబట్టి కింది తరగతి అంటే కొన్ని ప్రాంతాలకి పెద్ద రోడ్డే లేకుండా పోతుంది. అందుకని పనిని బట్టే తరగతి అని తేల్చుకున్నారు.

ఆ నియమమే మన వాడకి పెడదాం. ఊరి నుంచి వాడకు పోయే దారి ఏం పని చేస్తోంది? రెండు ఆవాసాల్ని కలుపుతోంది. పిల్లలు బడికి పోయేది దానిమీదే. ఆడవాళ్లు కూలికి పోయేది దానిమీదే. రేషన్ బియ్యం వచ్చేది దానిమీదే, శవం లేచేది దానిమీదే. కాబట్టి అది అన్‌క్లాసిఫైడ్ తరగతి రోడ్డు. వాడ లోపలి వీధులు రెసిడెన్షియల్. వాడ దాటి పొలాల్లోకి పోయేదే డొంక. ఇందులో మనం అడుక్కునేది ఏమీ లేదు. ఉన్న నియమాన్ని అందరికీ ఒకేలా పెట్టమంటున్నాం.

కొందరు కుర్రవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, "ఎలాగూ మన చేతికొచ్చింది, ఇంకా పెద్ద తరగతిలో పెడదాం, పటంలో లావుగా కనపడుతుంది" అంటారు. వద్దు. ఒకటి, అది అబద్ధం. ఇంకొకరు దిద్దేస్తారు. తర్వాత మనం నిజం రాసినా నమ్మరు. రెండు, అబద్ధంతో నష్టం మనకే. మట్టి రోడ్డుని సిమెంటు అని రాస్తే వాడకి రోడ్డు పడిపోయినట్టే కదా! కాంట్రాక్టరు కాగితం మీద చేసే పని మనమే చేసిపెట్టినట్టవుతుంది. ఇది రోడ్డు అని రాద్దాం. ఇది మట్టిది అని రాద్దాం. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పడినప్పుడే చూసినవాడికి అసలు ప్రశ్న పుడుతుంది: రోడ్డయితే ఇంకా మట్టెందుకుంది?

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. ఆ నిధులతో కొన్ని వాడల్లో సిమెంటు రోడ్లు పడ్డాయి. పోరాడితేనే పడ్డాయి. అలాంటి చోట కూడా పాత ఫోటో చూసి గీసిన చుక్కల గీత పటంలో మిగిలిపోయి ఉండొచ్చు. దాన్నీ దిద్దాలి. సాధించుకున్నది కూడా లెక్కలో కనపడాలి.

నడిచే హక్కు ఎవరు రాస్తారు?

తరగతి కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఈ పటంలో ప్రతి దారికీ ఎవరు నడవొచ్చు అన్న గడి ఉంది. అందరికీ హక్కు ఉంటే ఒక మాట. సొంతదారు దయతలిచి వదిలితే ఇంకో మాట, దాన్ని పర్మిసివ్ అంటారు. వద్దంటే ప్రైవేట్ అని రాస్తారు.

మన శ్మశానం దారిని ఏమని రాయాలి? చాలా వాడలకి శ్మశానం దారి ఎవరో ఒక పెత్తందారు పొలం గట్టు మీంచే పోతుంది. తాతల కాలం నుంచి అటే శవాల్ని మోస్తున్నాం. ఆ పొలం ఆసామి "నేను పోనిస్తున్నాను కాబట్టి పోతున్నారు" అంటాడు. మేం అంటాం: అది దయ కాదు, దారి హక్కు. బహిరంగ స్థలానికి పోయే ఆచారంగా వస్తున్న దారిని ఎస్సీ, ఎస్టీలకి అడ్డుకోవడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. చట్టం హక్కు అన్నదాన్ని మనమే పటంలో దయ అని రాసుకుంటామా? రాయం. అతను కంచె వేస్తే కంచె ఉందని కూడా పటంలో పెట్టొచ్చు. దారి ఉంది, హక్కు ఉంది, మధ్యలో కంచె ఉంది. మూడూ నిజాలే.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పుకుందాం. ఈ పటం కోర్టులో పట్టా కాదు. రెవెన్యూ నక్షలో బాట ఉందా లేదా అన్న తగువు వేరు, తాసీల్దారు ఆఫీసు ముందు చేసే ధర్నా వేరు. అవి ఆగకూడదు. గీత గీసి ఇంటికెళ్లి పడుకుంటే ఏ రోడ్డూ రాదు. కానీ అర్జీ పట్టుకుని పోయినప్పుడు, "మీ దగ్గర అసలు రోడ్డే లేదే" అనేవాడికి చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కొలత ఉండాలి, ఫోటో ఉండాలి, తేదీ ఉండాలి. కంప్యూటర్ పటంతో ఏం పని అన్నవాళ్లకి ఇదే మా జవాబు.

పేరు సంగతీ అంతే. చాలా వాడలకి మనం పెట్టుకోని పేర్లున్నాయి. కొన్ని కులం పేర్లు, కొన్ని జాలిపడి పెట్టిన పేర్లు. కొన్ని వాడలు అంబేద్కర్ నగర్ అని పేరు మార్చుకుని బోర్డు కట్టుకున్నాయి. పటంలో ఇప్పటి పేరుకి ఒక గడి, పాత పేరుకి ఇంకో గడి ఉన్నాయి. ఏ పేరు ఎక్కడ రాయాలో వాడ తేల్చాలి. పట్నంలో ఉన్న కుర్రాడు కాదు, మా లాంటి కార్యకర్తలు కూడా కాదు.

ఎలా చెయ్యాలి?

ముందు వాడలో మీటింగు పెట్టండి. ఆడవాళ్లు, ముసలివాళ్లు తప్పకుండా ఉండాలి. ఏ దారి ఎన్నాళ్ల నుంచి ఉందో, ఏ నెలల్లో నీళ్లు నిలుస్తాయో వాళ్లకే తెలుసు. తర్వాత ఫోన్ పట్టుకుని ఆ దారంతా నడవండి. నడిచిన జాడ ఫోన్లో రికార్డు అవుతుంది. ఫోటోలు తియ్యండి. స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఉంది. ఈ రోడ్డు పైన ఏముంది, మట్టా తారా అని అదే అడుగుతుంది. జవాబు నొక్కడమే. గీత తరగతి మార్చడానికి కంప్యూటర్ తెలిసిన కుర్రాడో అమ్మాయో ఒకరు చాలు.

గూగుల్ మ్యాపు చూసి కాపీ కొట్టకూడదు. అది ఈ పటం నియమం. మన కళ్లతో చూసింది, మన కాళ్లతో నడిచిందే రాయాలి. మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చామో రెండు ముక్కలు రాయాలి. "వాడలో 60 ఇళ్లున్నాయి, ఊరికి ఇదొక్కటే దారి, నడిచి చూశాం" అని రాస్తే చాలు. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో పటం అంతా దాచిపెడుతుంది. మళ్లీ ఎవరైనా ట్రాక్ అని మారిస్తే తిట్టొద్దు, మనమూ మార్చేసి పంతానికి పోవద్దు. కారణం అడగండి, ఫోటో చూపించండి. రచ్చబండ దగ్గర మన మాట నిలబడనివ్వరు. ఇక్కడ రాసిన మాట మాత్రం నిలిచి ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. మనకి తెలిసిన ప్రతి దారీ పటంలో పెట్టక్కర్లేదు. ఆడవాళ్లు చీకట్లో బహిర్భూమికి పోయే బాట పెట్టొద్దు. గొడవైనప్పుడు మనవాళ్లు తప్పించుకుని పోయే అడ్డదారి పెట్టొద్దు. కారంచేడు 1985, చుండూరు 1991 చూసిన జాతి మనది. ఏది చెప్పాలో, ఏది గుండెలో దాచుకోవాలో కూడా వాడే తేల్చాలి.

రోడ్డు తరగతి అంటే చిన్న విషయంలా కనపడుతుంది. కానీ తరగతి కట్టడమే కదా ఈ దేశంలో అన్నిటికంటే పాత రాజకీయం! ఎవడో కట్టిన తరగతిలో వేల ఏళ్లు బతికాం. ఈసారి కొలబద్ద ఎవరైనా పట్టుకోగలిగే చోట పడి ఉంది. మీ వాడ దారి ఈ పటంలో ఏమని ఉందో ఈ పక్షంలోనే తెరిచి చూడండి. చుక్కల గీత కనపడితే మీటింగు పిలవండి. అక్కడ మనుషులున్నారని రాయండి. రాసినది అచ్చు వేయించి, దాన్ని అర్జీకి కుట్టి పంచాయతీకి ఇవ్వండి.